వన్‌వేకి బాణం, సైకిల్‌కి దారి: ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ట్యాగింగ్ నేర్చుకుందాం

కొత్త ఫోన్ రివ్యూ చదివేటప్పుడు జీపీఎస్ గురించి మనం రెండు విషయాలు చూస్తాం. నావిక్ సపోర్ట్ ఉందా? ఎల్5 బ్యాండ్ ఉందా? రెండూ ఉంటే మ్యాప్‌లో నీలం చుక్క దాదాపు మనం నిలబడ్డ చోటే కనిపిస్తుంది. కానీ చుక్క కరెక్ట్‌గా ఉన్నంత మాత్రాన దారి కూడా కరెక్ట్‌గా ఉంటుందని గ్యారంటీ లేదు. ‘ఎడమకు తిరగండి’ అని ఫోన్ చెబుతుంది, తిరిగి చూస్తే ఎదురుగా నో ఎంట్రీ బోర్డు. ఇందులో చిప్‌సెట్ తప్పు లేదు, శాటిలైట్ తప్పూ లేదు. ఆ వీధిలో బండ్లు ఎటు నుంచి ఎటు నడవాలో మ్యాప్‌లో ఎవరూ రాయలేదు. లేదంటే ఎవరో తిరగేసి రాశారు.

కారులో ఉన్నవాళ్లకి ఇలాంటి తప్పు అంటే పది నిమిషాలు లేటు. సైకిల్ మీద ఉన్నవాళ్లకి అదే తప్పు ఎదురుగా వచ్చే బస్సు కావచ్చు. అందుకే ఈసారి గ్యాడ్జెట్ పక్కన పెట్టి, దాని వెనకున్న డేటా గురించి ఒక పాఠం రాస్తున్నాను. నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌ని. వారమంతా కోడ్, వారాంతంలో సైకిల్, తిరిగొచ్చాక ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ ఎడిటింగ్. ఒక వీధి దిశని, అందులో సైకిల్‌కి ఉన్న హక్కుని మ్యాప్‌లో ఎలా రాయాలో స్టెప్ బై స్టెప్ చూద్దాం.

ముందుగా ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అంటే ఏంటి?

2004లో బ్రిటన్‌లో స్టీవ్ కోస్ట్ మొదలుపెట్టిన ప్రాజెక్ట్ ఇది. వికీపీడియా లాగే ఎవరైనా అకౌంట్ తెరిచి ఎడిట్ చేయొచ్చు. ఆర్గానిక్ మ్యాప్స్, ఓస్మ్‌అండ్ లాంటి ఆఫ్‌లైన్ యాప్‌లు ఈ డేటా మీదే నడుస్తాయి. 2022 డిసెంబర్‌లో అమెజాన్ వెబ్ సర్వీసెస్, మెటా, మైక్రోసాఫ్ట్, టామ్‌టామ్ కలిసి మొదలుపెట్టిన ఓవర్చర్ మ్యాప్స్ ఫౌండేషన్ కూడా రోడ్ల విషయంలో ఈ డేటానే ప్రధానంగా వాడుతుంది. అంటే మీ వీధి మీద మీరు పెట్టే ఒక చిన్న ట్యాగ్ మీకు తెలియని ఎన్నో యాప్‌లకి చేరుతుంది. కరెక్ట్ ట్యాగ్ ఎంత దూరం వెళ్తుందో తప్పు ట్యాగ్ కూడా అంతే దూరం వెళ్తుంది.

ఒక చిన్న గమనిక. ఎడిటర్‌లో ట్యాగ్‌లని ఇంగ్లిష్‌లో, దాదాపు అన్నీ చిన్న అక్షరాల్లో, టైప్ చేయాలి. ఇక్కడ చదవడానికి వీలుగా తెలుగు లిపిలో రాస్తున్నాను.

లైన్‌కి తల, తోక ఉంటాయి

ఈ మ్యాప్‌లో రోడ్డు అంటే ఒక లైన్. దాన్ని ‘వే’ అంటారు. కొన్ని చుక్కల్ని, అంటే ‘నోడ్’లని, వరుసగా కలిపితే వే తయారవుతుంది. ఆ వరుస ముఖ్యం. మొదటి చుక్క ఎక్కడ పెట్టారో అది తోక, చివరి చుక్క ఎక్కడ పెట్టారో అది తల. తోక నుంచి తలకి వెళ్లేదే ఆ లైన్ దిశ. రెండువైపులా తిరిగే మామూలు రోడ్డుకి కూడా ఈ దిశ ఉంటుంది, కానీ దాన్ని ఎవరూ పట్టించుకోరు. వన్‌వే=యెస్ అని ట్యాగ్ పెట్టిన క్షణం నుంచే ఆ దిశకి అర్థం వస్తుంది.

మనందరికీ తెలిసిన ఉదాహరణ తిరుమల. 1944లో వేసిన మొదటి ఘాట్ రోడ్డు ఇప్పుడు దిగడానికి, 1974లో వచ్చిన రెండో ఘాట్ రోడ్డు ఎక్కడానికి. మ్యాప్‌లో ఇవి రెండు వేర్వేరు లైన్లు, రెండింటికీ ఒకటే ట్యాగ్: వన్‌వే=యెస్. తేడా అంతా లైన్ దిశలోనే ఉంది. ఎక్కే రోడ్డు లైన్ అలిపిరిలో మొదలై కొండ మీద ముగియాలి. దిగే రోడ్డు లైన్ కొండ మీద మొదలై అలిపిరిలో ముగియాలి. ఎవరైనా ఒక లైన్‌ని తిరగేశారనుకోండి, ట్యాగ్ చూస్తే కరెక్ట్‌గానే కనిపిస్తుంది. యాప్ మాత్రం ఎక్కాల్సిన కారుని దిగే రోడ్డు మీదకి పంపిస్తుంది. అందుకే వన్‌వే ట్యాగ్‌ని చదివి ఊరుకోకూడదు, లైన్ మీద కనిపించే బాణాన్ని కళ్లతో చూడాలి.

బాణం తప్పుగా ఉంటే లైన్‌ని చెరిపి మళ్లీ గీయొద్దు. చెరిపితే ఆ రోడ్డు పాత హిస్టరీ, బస్ రూట్ లింకులు అన్నీ పోతాయి. బ్రౌజర్‌లో వాడే ఐడీ ఎడిటర్‌లో లైన్ సెలెక్ట్ చేసి ‘వి’ కీ నొక్కితే దిశ తిరుగుతుంది. జోస్మ్‌లో అదే పనికి ‘ఆర్’ కీ.

వన్‌వే ట్యాగ్‌కి ఉండే విలువలు

యెస్ అంటే లైన్ గీసిన దిశలోనే వెళ్లాలి. నో అంటే రెండువైపులా వెళ్లొచ్చు. ట్యాగ్ లేకపోయినా మామూలు రోడ్లకి అర్థం ఇదే. అయినా కొన్నిసార్లు నో అని రాయడం మంచిదే. ‘నేను వెళ్లి చూశాను, ఇది వన్‌వే కాదు’ అని తర్వాతి మ్యాపర్‌కి చెప్పినట్టు అవుతుంది.

మైనస్ ఒకటి, అంటే వన్‌వే=-1 అని పెడితే లైన్‌కి వ్యతిరేక దిశలో వెళ్లాలని అర్థం. చెల్లుతుంది గానీ, చూసేవాళ్లు కన్‌ఫ్యూజ్ అవుతారు. లైన్‌ని తిప్పేసి యెస్ అని పెట్టడమే పద్ధతి.

కొన్ని చోట్ల వన్‌వే అని ప్రత్యేకంగా రాయకపోయినా అర్థం ఉంటుంది. జంక్షన్=రౌండబౌట్ అని ట్యాగ్ చేసిన సర్కిల్ ఆటోమేటిక్‌గా వన్‌వే. మన దేశంలో ఎడమవైపు నడుపుతాం కాబట్టి ఆ సర్కిల్‌ని గడియారం ముల్లు తిరిగే దిశలో గీయాలి. జర్మనీలో అయితే దానికి రివర్స్‌లో. హైవే=మోటార్‌వే కూడా ఆటోమేటిక్‌గా వన్‌వేనే. కానీ దానికి ఎక్కే, దిగే ర్యాంపుల మీద మాత్రం వన్‌వే అని విడిగా రాయండి. అక్కడ యాప్ ఊహకి వదిలేయడం మంచిది కాదు.

డివైడర్ సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. రోడ్డు మధ్యలో సిమెంట్ డివైడరో, మొక్కల మీడియనో ఉంటే రెండు లైన్లు గీసి, రెండింటికీ ఎదురెదురు దిశల్లో వన్‌వే పెట్టాలి. మధ్యలో పెయింట్ గీత మాత్రమే ఉంటే ఒకటే లైన్. పెయింట్ గీతని చూసి రెండు లైన్లు గీస్తే, రోడ్డు దాటి అటు పక్క షాపుకి వెళ్లాల్సినవాడిని యాప్ దూరంగా ఉన్న యూటర్న్ దాకా తీసుకెళ్తుంది.

యాప్ లోపల ఏం జరుగుతుంది?

బీటెక్ రెండో ఏడాదిలో డేటా స్ట్రక్చర్స్ చదివినవాళ్లకి ఇది ఇట్టే అర్థమవుతుంది. రూటింగ్ ఇంజిన్ మ్యాప్‌ని డైరెక్టెడ్ గ్రాఫ్‌గా మారుస్తుంది. ఎ, బి అనే రెండు కూడళ్ల మధ్య వీధికి మామూలుగా రెండు ఎడ్జ్‌లు ఉంటాయి. ఎ నుంచి బికి ఒకటి, బి నుంచి ఎకి ఒకటి. వన్‌వే=యెస్ వచ్చిందంటే అందులో ఒక ఎడ్జ్ పోయినట్టే. ఆ తర్వాత డైక్‌స్ట్రా వాడినా, ఇంకేదైనా అల్గారిథం వాడినా, లేని ఎడ్జ్ మీద నుంచి ఎవరూ వెళ్లలేరు.

అసలు పాయింట్ ఇక్కడుంది. ఇంజిన్ ఒకే గ్రాఫ్ తయారు చేయదు. కారుకి ఒకటి, సైకిల్‌కి ఒకటి, నడకకి ఒకటి తయారు చేస్తుంది. కారు గ్రాఫ్‌లో తెగిన ఎడ్జ్ సైకిల్ గ్రాఫ్‌లో బతికే ఉండొచ్చు. నడిచేవాళ్ల గ్రాఫ్‌లో రోడ్డు వన్‌వేకి అసలు సంబంధమే లేదు. కాబట్టి మ్యాపర్ ‘ఈ వీధి వన్‌వేనా?’ అని అడిగి ఆగిపోకూడదు. ‘ఎవరికి వన్‌వే?’ అని కూడా అడగాలి. ఈ పాఠం మొత్తంలో ఒక్క వాక్యం గుర్తుపెట్టుకోవాలంటే ఇదే గుర్తుపెట్టుకోండి.

బైక్ వేరు, బైసికిల్ వేరు

మన దగ్గర ‘బైక్’ అంటే పెట్రోల్ బండి. ఇంగ్లిష్ మ్యాప్ యాప్‌లలో ‘బైక్’ అంటే చాలాసార్లు సైకిల్. ఈ ఒక్క మాట వల్ల మన మ్యాప్‌లో తప్పులు చొరబడుతుంటాయి. ఫ్లైఓవర్ మొదట్లో టూవీలర్లకి అనుమతి లేదని బోర్డు ఉంటుంది, ఎవరో దాన్ని చూసి బైసికిల్=నో అని పెట్టేస్తారు. మోటార్‌సైకిల్ ట్యాగ్ వేరు: మోటార్‌సైకిల్=నో. సైకిల్ ట్యాగ్ వేరు: బైసికిల్=నో. బోర్డు మీద ఏ బొమ్మ ఉందో చూడండి. ఎర్ర వృత్తంలో మోటార్‌సైకిల్ బొమ్మ ఉంటే దాని ట్యాగ్, సైకిల్ బొమ్మ ఉంటే దాని ట్యాగ్, రెండూ ఉంటే రెండూ.

ఈ అనుమతుల వరుస మన కోడ్‌లో ఇన్‌హెరిటెన్స్ లాంటిది. అన్నిటికంటే పైన యాక్సెస్. దాని కింద ఒక పక్క నడక, ఇంకో పక్క వెహికల్. వెహికల్ కింద బైసికిల్ ఉంటుంది, మోటార్ వెహికల్ ఉంటుంది. మోటార్ వెహికల్ కింద కారు, మోటార్‌సైకిల్ వగైరా. పైన పెట్టిన రూల్ కిందవాటికి వర్తిస్తుంది. కింద ప్రత్యేకంగా రాస్తే అది పైదాన్ని ఓవర్‌రైడ్ చేస్తుంది.

ఒక మార్కెట్ వీధిలోకి మోటారు బండ్లు రాకుండా స్తంభాలు పాతారనుకోండి. అక్కడ వెహికల్=నో అని రాస్తే సైకిల్ కూడా ఆగిపోతుంది. ఎందుకంటే సైకిల్ కూడా వెహికలే. మోటార్ వెహికల్=నో అని రాస్తే సైకిల్ వెళ్తుంది. తేడా ఒక్క మాటే. కానీ ఆ వీధిలోంచి స్కూల్‌కి వెళ్లే పిల్లాడికి యాప్ ఆ దారి చూపిస్తుందా, లేక మెయిన్ రోడ్డు మీద లారీల మధ్యకి పంపిస్తుందా అన్నది ఆ మాట మీదే ఆధారపడి ఉంటుంది.

బైసికిల్ ట్యాగ్‌కి తరచుగా వాడే విలువలు ఇవి. యెస్ అంటే సైకిల్‌కి అనుమతి ఉంది. నో అంటే లేదు. డెసిగ్నేటెడ్ అంటే సైకిళ్ల కోసమే కేటాయించి, బోర్డు పెట్టిన దారి. డిస్‌మౌంట్ అంటే దిగి నడిపించుకుంటూ వెళ్లాలి. ప్రైవేట్ అంటే లోపలివాళ్లకి మాత్రమే. మన గేటెడ్ కమ్యూనిటీల లోపలి రోడ్లకి యాక్సెస్=ప్రైవేట్ పెట్టకపోతే, బయటివాళ్ల సైకిల్ రూట్ కూడా సెక్యూరిటీ గేటు దగ్గరికి వెళ్లి ఆగుతుంది.

ఇంకో జాగ్రత్త. బైసికిల్=నో అన్నది ‘ఇక్కడ సైకిల్ తొక్కడం కష్టం’ అని చెప్పే ట్యాగ్ కాదు. ట్రాఫిక్ ఎక్కువ, గుంతలు ఎక్కువ, ఎత్తు ఎక్కువ... ఇవేవీ నిషేధాలు కావు. గుంతల గురించి చెప్పాలంటే స్మూత్‌నెస్, రోడ్డు ఉపరితలం గురించి చెప్పాలంటే సర్ఫేస్ అనే ట్యాగ్‌లు ఉన్నాయి. నిషేధం ఉన్న చోటే నో.

వన్‌వేలో సైకిల్‌కి మినహాయింపు

ఈ పద్ధతి బాగా పాతుకుపోయింది యూరప్‌లో. మ్యాప్‌లో ఈ ట్యాగ్‌లు విరివిగా కనిపించేది కూడా అక్కడే. ఎంఎస్ కోసం జర్మనీ వెళ్లిన నా ఫ్రెండ్ ఒకసారి ఫోన్ చేసి, “మామా, ఇక్కడ నో ఎంట్రీ బోర్డు స్పష్టంగా ఉంది. నీ ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ యాప్ మాత్రం సైకిల్‌ని అటే పొమ్మంటోంది, ఏంటిది?” అన్నాడు.

“బోర్డు కింద ఇంకో చిన్న ప్లేట్ ఉందేమో చూడు” అన్నాను.

ఉంది. సైకిల్ బొమ్మ, దాని కింద ‘ఫ్రై’ అనే జర్మన్ మాట. అంటే నో ఎంట్రీ సైకిళ్లకి వర్తించదని. అక్కడ చాలా ఇరుకు వీధులు కార్లకి వన్‌వే, సైకిళ్లకి మాత్రం రెండువైపులా తెరిచే ఉంటాయి. జర్మనీ 1997లో దీన్ని ట్రయల్‌గా మొదలుపెట్టింది. బెల్జియంలో 2004 నుంచి, వీధి వెడల్పు లాంటి షరతులు కుదిరిన ప్రతి వన్‌వేలోనూ సైకిల్‌కి ఎదురు దారి ఇవ్వడం రూల్. ఫ్రాన్స్‌లో 2010 జులై నుంచి గంటకి 30 కిలోమీటర్ల వేగ పరిమితి ఉన్న జోన్లలో, ప్రత్యేకంగా వద్దని నిర్ణయిస్తే తప్ప, ఇదే పద్ధతి.

దీన్ని మ్యాప్‌లో రాయడానికి రెండు ట్యాగ్‌లు చాలు. వన్‌వే=యెస్, వన్‌వే:బైసికిల్=నో. రెండో ట్యాగ్‌లో ‘నో’ అన్న మాట చూసి చాలామంది కంగారు పడతారు. సైకిల్‌కి అనుమతి లేదని కాదు దాని అర్థం, సైకిల్‌కి వన్‌వే లేదని. అంటే సైకిల్ రెండువైపులా వెళ్లొచ్చు. దీన్ని బైసికిల్=నోతో కలిపేశారంటే అర్థం పూర్తిగా తిరగబడుతుంది.

ఎదురు దిశలో సైకిల్ కోసం ప్రత్యేకంగా గీసిన లేన్ ఉంటే ఇంకో వివరం చేర్చాలి. జర్మనీలో కుడివైపు నడుపుతారు కాబట్టి ఆ లేన్ లైన్ దిశకి ఎడమ పక్క ఉంటుంది: సైకిల్‌వే:లెఫ్ట్=లేన్, దాంతో సైకిల్‌వే:లెఫ్ట్:వన్‌వే=-1. మన దేశంలో అలాంటి లేన్ వస్తే అది కుడి పక్కన ఉంటుంది, అప్పుడు లెఫ్ట్ బదులు రైట్. పాత ఎడిట్లలో సైకిల్‌వే=ఆపోజిట్ అని కూడా కనిపిస్తుంది. కొత్తగా ఎడిట్ చేసేవాళ్లు పై పద్ధతే వాడటం మంచిది. లెఫ్ట్, రైట్ అన్నవి లైన్ దిశని బట్టి ఉంటాయి కాబట్టి, ఎప్పుడైనా లైన్‌ని తిప్పితే ఇవీ మారాలి. ఎడిటర్లు ఈ మార్పులో సాయం చేస్తాయి, అయినా సేవ్ చేసే ముందు ఒకసారి సరిచూసుకోండి.

అందరూ రాంగ్ రూట్‌లో వెళ్తే అది ట్యాగ్ అవుతుందా?

ఇప్పుడు మన ఊరికి వద్దాం. యూటర్న్ దూరంగా ఉంటే డివైడర్ పక్కనే రాంగ్ రూట్‌లో వచ్చే సైకిళ్లు, బండ్లు మన రోడ్ల మీద రోజూ కనిపించేవే. ‘అందరూ వెళ్తున్నారు కదా, వన్‌వే:బైసికిల్=నో అని పెట్టేద్దాం’ అనిపిస్తుంది. పెట్టకండి. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో యాక్సెస్ ట్యాగ్‌లు అనుమతిని చెబుతాయి, అలవాటుని కాదు. పక్కనే పుట్టి పెరిగినవాడికి ఎప్పుడు బస్సు వస్తుందో, ఎక్కడ పక్కకి జరగాలో తెలుసు. యాప్‌ని నమ్మి మొదటిసారి ఆ రోడ్డు మీదకి వచ్చిన అమ్మాయికి అది తెలియదు. మనం పెట్టిన ట్యాగ్ ఆమెకి ‘ఇటు వెళ్లొచ్చు’ అని మాట ఇచ్చినట్టే.

దీనికి రివర్స్ తప్పు కూడా ఉంది. శాటిలైట్ ఫొటోలో కార్లన్నీ ఒకే వైపు తిరిగి పార్క్ చేసి ఉన్నాయని వన్‌వే=యెస్ పెట్టేయడం. అది ఆధారం కాదు, అనుమానం మాత్రమే. తప్పుడు వన్‌వే వల్ల ఎవరికీ దెబ్బలు తగలకపోవచ్చు. కానీ ఇరవై అడుగుల వీధి దాటాల్సిన సైకిల్ రెండు కిలోమీటర్లు చుట్టి, మధ్యలో పెద్ద జంక్షన్ దాటాల్సి వస్తుంది. ట్యాగ్ లేని వీధి ఉంటే తర్వాత వచ్చే మ్యాపర్ ‘ఇక్కడ ఇంకా చూడాలి’ అనుకుంటాడు. తప్పు ట్యాగ్ ఉన్న వీధి దగ్గర ‘ఎవరో చూసేశారులే’ అని ముందుకెళ్లిపోతాడు. తెలియనప్పుడు ఖాళీగా వదిలేయడమే నయం.

ఒకే దారి పక్కన మూడు లైన్లు: ఔటర్ రింగ్ రోడ్డు

ఇప్పటిదాకా చెప్పినవన్నీ ఒకేచోట చూడాలంటే హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డుకి వెళ్లాలి. మొత్తం 158 కిలోమీటర్ల ఈ రోడ్డు మెయిన్ క్యారేజ్‌వే మీద టూవీలర్లకి అనుమతి లేదు. దీన్ని మోటార్‌వే అని ట్యాగ్ చేస్తే రెండు పక్కలా వన్‌వే అన్న అర్థం దానంతట అదే వస్తుంది, సైకిల్ రూటింగ్ ఇంజిన్లు కూడా దాన్ని పక్కన పెట్టేస్తాయి.

దాని పక్కన సర్వీస్ రోడ్డు ఉంది. ఇది వేరే లైన్, దీని రూల్స్ వేరు. మెయిన్ రోడ్డు మీద ఉన్న నిషేధాన్ని దీనికి కాపీ చేయకూడదు. ఒక్కో ముక్కలో బోర్డు ఏం చెబుతుందో చూసి అదే రాయాలి.

ఇక మూడోది సైకిల్ ట్రాక్. 2023 అక్టోబర్ 1న ప్రారంభమైన 23 కిలోమీటర్ల సోలార్ రూఫ్ సైకిల్ ట్రాక్, నానక్‌రామ్‌గూడ వైపు ఒక ముక్క, నార్సింగి నుంచి కొల్లూరు వైపు ఇంకో ముక్క. పైన సోలార్ ప్యానెళ్లు, కింద సైకిళ్లు. దీన్ని హైవే=సైకిల్‌వే, బైసికిల్=డెసిగ్నేటెడ్ అని విడి లైన్‌గా రాయాలి.

అయితే లైన్ గీసి ట్యాగ్ పెట్టినంత మాత్రాన పని అయిపోదు. ట్రాక్‌లోకి ఎక్కడెక్కడ ఎంట్రీ ఉందో, అక్కడ సర్వీస్ రోడ్డు లైన్‌కి ఒక నోడ్‌తో కలపాలి. కలపకపోతే మ్యాప్ మీద ట్రాక్ అందంగా కనిపిస్తుంది, గ్రాఫ్‌లో మాత్రం చుట్టూ నీళ్లున్న దీవిలా మిగిలిపోతుంది. యాప్ దాని పక్క నుంచే సైకిల్‌ని సర్వీస్ రోడ్డు మీద తీసుకెళ్తుంది. అలాగని ఎంట్రీ లేని చోట కలిపేస్తే ఫెన్సింగ్ దూకమన్నట్టు ఉంటుంది. ఎంట్రీ పాయింట్లని వెళ్లి చూసే రాయాలి.

టైమ్‌ని బట్టి మారే రూల్స్

కొన్ని రోడ్లు ఉదయం పూట వన్‌వే, మిగతా టైమ్‌లో మామూలు. వీటికి కండిషనల్ ట్యాగ్ ఉంది. ముందు వన్‌వే=నో అని పెట్టి, దాంతోపాటు వన్‌వే:కండిషనల్=యెస్ @ (ఎంఓ-ఎస్ఏ 08:00-11:00) అని రాస్తే, సోమవారం నుంచి శనివారం దాకా ఉదయం ఎనిమిది నుంచి పదకొండు వరకు వన్‌వే అని అర్థం. టైమ్ 24 గంటల పద్ధతిలో, రోజు పేరు రెండు ఇంగ్లిష్ అక్షరాల్లో ఉండాలి. అన్ని యాప్‌లూ ఈ ట్యాగ్‌ని చదవవు. అయినా కరెక్ట్ డేటా రాసి ఉంచితే చదవగలిగే యాప్‌కి ఉపయోగం.

పండగకీ, సభకీ, పైపులైన్ పనికీ రెండు రోజులు మార్చే ట్రాఫిక్‌ని మాత్రం మ్యాప్‌లో రాయొద్దు. 2021 డిసెంబర్ 1న తిరుమలకి ఎక్కే ఘాట్ రోడ్డు మీద కొండరాళ్లు విరిగిపడినప్పుడు ఆ దారి మూసి, రాకపోకలని మళ్లించాల్సి వచ్చింది. అంత పెద్ద మార్పు విషయంలో కూడా మ్యాపర్ ఆలోచించే అడుగు వేయాలి. ఎందుకంటే ఆఫ్‌లైన్ యాప్‌లు మీరు మార్చిన రోజు డేటాని డౌన్‌లోడ్ చేసుకుని నెలల తరబడి వాడుతుంటాయి. రోడ్డు తెరుచుకున్నా వాళ్ల ఫోన్‌లో మూసే ఉంటుంది.

ఫీల్డ్‌లో ఎలా చెక్ చేయాలి?

నేను పాటించే పద్ధతి చెబుతాను. వీధికి రెండు చివర్లా వెళ్తాను. ఒక చివర వన్‌వే బాణం బోర్డు ఉంటే, రెండో చివర నో ఎంట్రీ బోర్డు ఉండాలి. రెండూ కలిస్తేనే నమ్మకం. రెండు బోర్డులకీ ఫొటో తీసుకుంటాను. ఫొటోలో బోర్డు కింది చిన్న ప్లేట్, దాని మీద టైమింగ్స్ కూడా పడేలా చూసుకుంటాను. ఒకవైపే బోర్డు ఉండి, రెండోవైపు స్తంభం మాత్రమే మిగిలి ఉంటే ట్రాఫిక్ కానిస్టేబుల్‌ని అడుగుతాను. “సార్, ఈ వీధి వన్‌వేనా, సైకిల్‌కి కూడానా?” అని అడిగితే చెబుతారు.

ఆండ్రాయిడ్‌లో అయితే స్ట్రీట్‌కంప్లీట్ యాప్ చాలా ఈజీ. వీధిలో నిలబడితే ప్రశ్నలు అదే అడుగుతుంది, జవాబు మీద నొక్కితే ట్యాగ్‌లు అదే రాసుకుంటుంది. ఐఫోన్‌లో గో మ్యాప్ ఉంది. వివరంగా ఎడిట్ చేయాలంటే ఇంటికొచ్చి ఐడీ కానీ జోస్మ్ కానీ తెరవండి. సేవ్ చేసేటప్పుడు వచ్చే కామెంట్ బాక్స్‌లో ‘అప్‌డేట్’ అని ఒక్క మాట రాసి వదిలేయకుండా ‘రెండు చివర్లా బోర్డు చూసి వన్‌వే చేర్చాను’ అని రాయండి. ఇది కోడ్‌లో కమిట్ మెసేజ్ లాంటిదే. రేపు ఎవరైనా దాన్ని మార్చాలంటే మీ ఆధారం ఏంటో తెలుస్తుంది.

గూగుల్ మ్యాప్స్‌లో చూసి, స్ట్రీట్ వ్యూలో బోర్డు చదివి ఇక్కడ రాయకూడదు. లైసెన్స్ ఒప్పుకోదు. మ్యాపిలరీలో జనం పెట్టిన వీధి ఫొటోలు మాత్రం వాడుకోవచ్చు. మీ కళ్లతో చూసింది అన్నిటికంటే మంచి ఆధారం.

సేవ్ చేశాక టెస్ట్ చేయండి

టెస్ట్ చేయకుండా కోడ్ రిలీజ్ చేయం కదా, ఇదీ అంతే. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ సైట్‌లో డైరెక్షన్స్ ఆప్షన్ ఉంటుంది. వీధికి ఒక చివర ఎ, రెండో చివర బి అనుకోండి. నాలుగు రూట్లు చూడండి: కారులో ఎ నుంచి బి, కారులో బి నుంచి ఎ, సైకిల్ మీద ఎ నుంచి బి, సైకిల్ మీద బి నుంచి ఎ. అందరికీ వన్‌వే అయిన వీధిలో కారుకీ సైకిల్‌కీ ఒకవైపు నేరుగా, రెండోవైపు చుట్టు తిరిగి రావాలి. సైకిల్ మినహాయింపు ఉన్న వీధిలో నాలుగింట్లో ఒక్క కారు రూట్ మాత్రమే చుట్టు తిరగాలి.

రెండు విషయాలు గుర్తుంచుకోండి. రూటింగ్ సర్వర్‌కి కొత్త డేటా చేరడానికి కొంత టైమ్ పడుతుంది, కాబట్టి సేవ్ చేసిన అయిదు నిమిషాలకే టెస్ట్ చేసి కంగారు పడొద్దు. అలాగే కొన్ని ఇంజిన్లు సైకిల్‌ని వన్‌వేకి ఎదురుగా ‘దిగి నడిపించుకుంటూ’ తీసుకెళ్తాయి. స్పీడ్ ఒక్కసారిగా నడక స్పీడ్‌కి పడిపోయినట్టు కనిపిస్తే అది మీ ట్యాగ్ తప్పు కాదు.

ఈ వారం చేయాల్సిన పని

మీ ఇంటి నుంచి కాలేజీకో ఆఫీసుకో వెళ్లే దారిలో ఒక్క వన్‌వే వీధిని ఎంచుకోండి. మ్యాప్‌లో దాని బాణం చూడండి. తర్వాత రెండు చివర్లా నిలబడి బోర్డులు చూడండి. మూడు ప్రశ్నలు వేసుకోండి: దిశ ఎటు? ఎవరికి వర్తిస్తుంది? ఏ టైమ్‌లో? మూడింటికీ ఆధారం దొరికితేనే రాయండి. దొరకని దాన్ని ఖాళీగా వదిలేసి, మ్యాప్‌లో ఒక నోట్ పెట్టండి. ఆ పక్కనే ఉండేవాళ్లెవరో చూసి పూర్తి చేస్తారు.

వచ్చే ఏడాది మీరు కొత్త ఫోన్ కొంటారు, ఇప్పటి స్పెసిఫికేషన్లు పాతబడిపోతాయి. మీరు కరెక్ట్ చేసిన ఆ వీధి బాణం మాత్రం, బోర్డు మారేదాకా, ఆ దారిలో వెళ్లే ప్రతి సైకిల్‌కీ పనిచేస్తూనే ఉంటుంది.